కూర్మీ, నీ పేరు పెట్టేశాం!

చాండ్లర్, అరిజోనా
నవంబరు 9

ఒరే కూర్మీ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. తిట్టుకో, పడతాను. ఉద్యోగం ఉంది, అమ్మ మోకాళ్ళు పర్లేదు, వచ్చే నెల ఊరికి బయల్దేరుతుంది. క్షేమ సమాచారాలు అయిపోయాయి. అసలు సంగతేంటంటే, మా పెరట్లో తాబేలు ఉంది. దాని పేరు కూర్మారావు. కోప్పడకు, పేరు పెట్టింది చింటూగాడు. సరే, సలహా నాదే.

వాడు ఏడాదిగా తాబేలు కావాలని ప్రాణం తీస్తున్నాడు. మే నెలలో ఒక ఆదివారం రోడ్డు పక్కన ఒకడు ప్లాస్టిక్ టబ్బులో పిల్ల తాబేళ్ళు పెట్టుకుని అమ్ముతున్నాడు. ఒక్కోటీ నిమ్మకాయంత. సల్కాటా రకమట. ఎంత పెద్దదవుతుందని అడిగితే 'పెట్టెను బట్టే పెరుగుతుంది' అన్నాడు. నమ్మాను! జేబులో సరిపడా డబ్బుల్లేక బతికిపోయాను గానీ. (నాలుగు అంగుళాల లోపు పిల్లల్ని అమ్మడం 1975 నుంచీ ఇక్కడ నిషేధం, సాల్మొనెల్లా అనే రోగక్రిమి అంటుకుంటుందని. అది తర్వాత తెలిసింది.)

మర్నాడు పక్క వీధి ముసలావిడతో ఈ మాట అంటే, ఆవిడ ఏమీ మాట్లాడకుండా తన పెరట్లోకి తీసుకెళ్ళింది. గోడ వారన బండరాయి ఉందనుకున్నాను. బండ లేచింది. నలభై అయిదు కిలోలట! నడుస్తుంటే అరుగు మీద నిండు బిందె ఈడ్చినట్టు చప్పుడు. మమ్మల్ని చూడనైనా చూడకుండా వెళ్ళి షెడ్డు తలుపుని ఒక గుద్దు గుద్దింది. వెనక్కి జరిగి మళ్ళీ గుద్దింది. తలుపు అడుగున చెక్క ఎప్పుడో పోయి రేకు కొట్టించుకుంది పాపం. గోడ కింద అది తవ్విన సొరంగంలో మన సోషల్ మాస్టారు కూడా దూరిపోవచ్చు. కొడుకు రెండో తరగతిలో ఉండగా కొన్నారట, ఇప్పుడా కొడుక్కి ఇద్దరు పిల్లలు. ఎవరికైనా ఇచ్చేద్దామంటే సంరక్షణ కేంద్రాల్లో ఇలాంటివే కిక్కిరిసి ఉన్నాయి. గాలాపాగోస్, అల్డాబ్రా దీవుల వాటి తర్వాత నేల తాబేళ్ళలో ఇదే పెద్దది, డెబ్బై ఏళ్ళు బతికినా ఆశ్చర్యం లేదు. 'నా తర్వాత దీన్నెవరు చూస్తారో' అంది. ఏదో అనబోయాను గానీ నోరు రాలేదు. అది మాత్రం తలుపు గుద్దుతూనే ఉంది.

ఆ రాత్రి నుంచి నేను చదవడం మొదలుపెట్టాను, టెన్త్‌కి కూడా అంత చదవలేదని నీకు తెలుసు. రష్యన్ తాబేలు జానెడే ఉంటుంది. 1968లో సోవియట్ వాళ్ళు జాండ్-5 అనే అంతరిక్ష నౌకలో ఎక్కించి చంద్రుణ్ణి చుట్టించి తెచ్చినవి ఆ రకమే. చింటూ దాని మీద మనసు పడ్డాడు, మా ఎండకి భయపడి నేనే వద్దన్నాను. ఎర్రకాళ్ళ తాబేలు భలే అందం, కానీ దానికి కోనసీమంత తేమ కావాలి, ఇక్కడేమో లుంగీ పిండి దండెం మీద వేసేలోపే ఆరిపోతుంది. తేమ చాలకపోతే పిల్ల తాబేలు డిప్ప గోపురాల్లా ఉబ్బిపోతుందట. ఇంట్లో పెంచితే ఎండకి బదులు ప్రత్యేకం యూవీబీ దీపం పెట్టాలి, లేకపోతే తిన్న కాల్షియం ఒంటపట్టదు.

చివరికి ఆఫీసులో ఒకతను చెప్పాడు, ఈ ఎడారిదే సొనోరన్ తాబేలు ఉంది కదా అని. అడవి నుంచి పట్టుకొస్తే నేరం. కానీ ఎవరో పెంచుకుని వదిలేసిన వాటిని రాష్ట్ర వన్యప్రాణి శాఖ దత్తత ఇస్తుంది. పిల్లలు పెట్టించకూడదు, రాష్ట్రం దాటించకూడదు. పెరడు చూపించాలి. సిమెంటు దిమ్మెలు పేర్చి, పైన ప్లైవుడ్ పరిచి, దాని మీద మట్టి పోసి బొరియ కట్టాను. నా నడుము సంగతి అడక్కు.

జూన్‌లో అట్టపెట్టెలో వచ్చాడు కూర్మారావు. అన్నం పళ్ళెమంత ఉన్నాడు. పొట్ట కింద గుంట చూసి మగవాడని తేల్చారు. సంబరంగా ఎత్తుకున్నానో లేదో, చొక్కా తడిపేశాడు. ఎడారిలో ఆ నీళ్ళే వాటి నిల్వ, బెదిరితే వదిలేస్తాయట.

అమ్మ మొదటిరోజు 'తాబేలు దూరిన ఇల్లు బాగుపడదురా' అని గొణిగింది. రెండోరోజు శ్రీకూర్మం గుర్తొచ్చింది. మూడోరోజుకి డిప్ప మీద పసుపు, కుంకుమ! (ఆ గుళ్ళో గొడుగు సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, ఒట్టు.) గడ్డి, నాగజెముడు, మందార పూలు మాత్రమే పెట్టమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఒకరోజు చూద్దును కదా, మూతంతా అరటిపండు. నైవేద్యమట! ఆ పళ్ళు దాని కడుపుకి పడవే అంటే, 'దేవుడికి అజీర్తేటిరా' అంది. ఏం చెప్పను?

అన్నట్టు, మీ పాప కూడా అడుగుతోందని రాశావు. పొలం గట్టున నక్షత్ర తాబేలు కనిపించినా ఇంటికి తేకు. వన్యప్రాణి రక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణలో దాన్ని షెడ్యూలు ఒకటిలో చేర్చారు, అంటే పులితో సమానం. పాపని శ్రీకూర్మం తీసుకెళ్ళు, అక్కడ కావలసినన్ని చూస్తుంది.

ఇంకోటి. అక్టోబరులో చల్లబడగానే కూర్మారావు తిండి మానేశాడు. పడుకునే ముందు కడుపు ఖాళీగా ఉండాలట, లేకపోతే తిన్నది లోపలే కుళ్ళిపోతుంది. పది రోజులైంది బొరియలో దూరి, ఇక మార్చి దాకా నిద్రే. అమ్మకి చెప్పినా వినదు. పొద్దున్నే బొరియ దగ్గర వంగి, 'సచ్చిపోనాదేటిరా, ఉలుకూ పలుకూ లేదు' అని దిగులు. నాకూ లోపల కాస్త... సర్లే.

చింటూ బొరియ మీదికి బోర్డు రాస్తున్నాడు, తెలుగులోనే రాస్తానని పట్టు. కూ వచ్చింది, 'ర్మా' దగ్గర ఆగి పిలుస్తున్నాడు, రంగు కారిపోతోందట, వెళ్ళాలి, మిగతాది మళ్ళీ

నీ
శీను