దవాఖాన కట్టండి సార్, కానీ పోయే దారి మూసేయకండి

కమిషనర్ గారికి నమస్కారం,

మా బస్తీ పక్క సర్కారు దవాఖానకి కొత్త బిల్డింగ్ అంటే అందరం సంతోషపడ్డాం, ఇప్పటికీ అది కావాలనే అంటున్నాం. కానీ మెయిన్ గేటు మూసేశారు, బస్టాప్ దూరం జరిపారు, ఆటోవాళ్లు మలుపు దగ్గరే దింపేస్తున్నారు, అక్కడ్నుంచి కంకర మీద నడకే. మొన్న అమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్తుంటే వీల్‌చైర్ ముందు చక్రం కంకరలో ఇరుక్కుపోయింది, ఇడ్లీ బండి అన్న వచ్చి ఎత్తితే గానీ కదల్లేదు, అమ్మేమో కొంగు మూతికి అడ్డం పెట్టుకుని దగ్గుతూనే ఉంది.

రాత్రి ఒంటిగంటకి డ్రిల్లింగ్ సార్. పగలు సిటీలోకి లారీలు రానివ్వరు కాబట్టి మెటీరియల్ రాత్రే దింపాలి, అది మాకూ తెలుసు, కానీ డ్రిల్లింగ్ పగలు చేసుకోవచ్చు కదా? 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో హాస్పిటల్ చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్‌గా ప్రకటించొచ్చని ఉంది, అక్కడ రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లిమిట్ 40 డెసిబెల్సే. లోపల వార్డుల్లో ఆపరేషన్ అయినవాళ్లూ ఈ మోతే వింటున్నారు.

వెనక గేటు దాకా చదునైన దారి, ఒక బ్యాటరీ బండి, పని టైమింగ్స్‌తో ఒక బోర్డు పెట్టించండి. ఒక్కరోజు రాత్రి 11 తర్వాత మీరే వచ్చి చూడండి సార్, మేం గేటు దగ్గరే ఉంటాం.

ఇట్లు,
బస్తీవాసులం