బలం బిళ్లలను డాక్టరుకు చెప్పకపోతే…

సంపాదకులకు,

అయ్యా,

కొలెస్ట్రాల్ తగ్గడానికి నేను ఆరేళ్లుగా రోజూ రాత్రి అటోర్వాస్టాటిన్ మాత్ర వేసుకుంటున్నాను. గుంటూరు కొత్తపేటలో నన్ను చూసే డాక్టరుగారు వెళ్లినప్పుడల్లా "ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడుగుతారు, నేనూ ప్రతిసారీ "ఏమీ లేవండీ" అనే చెప్పేవాణ్ణి. దాచాలని కాదు, బలం బిళ్లలు మందుల లెక్కలోకి వస్తాయని నాకు తోచలేదు. ఈమధ్య తొడలు పట్టేసి మేడమెట్లు ఎక్కలేకపోతున్నానని చెప్పినప్పుడు ఆయన సీపీకే పరీక్ష (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్తపరీక్ష) రాసి, ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ సంచీలో వేసుకుని రమ్మన్నారు.

ఆ సంచీలో మా అబ్బాయి అమెరికా నుంచి తెచ్చిన 'రెడ్ ఈస్ట్ రైస్' (ఎర్రగా పులియబెట్టిన బియ్యం) గొట్టం మాత్రలు ఉన్నాయి. పైన 'సహజం' అని అచ్చువేసిన ఆ సరుకులో ఉండే మొనాకొలిన్-కె అనే పదార్థం, 1987లో అమెరికాలో అనుమతి పొందిన లోవాస్టాటిన్ అనే మందూ ఒకటేనని, అంటే తెలియకుండానే 'స్టాటిన్' అనే ఒకే జాతి మందును రెండు రూపాల్లో మింగుతున్నానని, అలా మోతాదు పెరిగితే కండరాలు నొప్పిపెట్టవచ్చని డాక్టరుగారు చెప్పేదాకా నాకు తెలియదు. మంచి కొలెస్ట్రాల్ పెరుగుతుందని మిత్రుడొకరు చెబితే కొన్న నియాసిన్ మాత్రలు కూడా అందులో ఉన్నాయి. నియాసిన్ అంటే బి3 విటమినే. మామూలు బి-కాంప్లెక్స్ బిళ్లలో ఉండే కొద్ది మిల్లీగ్రాములతో పేచీ లేదు గానీ, రోజుకు గ్రాము దాటితే అది విటమిన్ కాదు, మందు. పాతిక వేల మందికి పైగా పాల్గొన్న ఒక పరిశీలనలో స్టాటిన్‌కు దాన్ని జోడించినందువల్ల గుండెకు అదనపు మేలేమీ కనబడకపోగా, కండరాల బాధలూ మధుమేహమూ ఎక్కువయ్యాయని 2014లో వెల్లడైంది.

మూడోది 60,000 యూనిట్ల విటమిన్-డి పొడి. వారానికి ఒక పొట్లం వేసుకోవలసినదాన్ని, మందుల షాపులో చెప్పిన మాట సరిగా వినకనో, వాళ్లు సరిగా చెప్పకనో, నేను రోజూ పాలలో కలుపుకుని తాగాను. కొవ్వులో కరిగే ఈ విటమిన్ ఒంట్లో పేరుకుపోతుందని, నెత్తురులో కాల్షియం హద్దు మీరి పెరిగి మూత్రపిండాలకు చేటు చేయవచ్చని ఆ రోజే విన్నాను.

ఒంటినొప్పులు మొదలవగానే స్టాటిన్‌ను సొంతంగా మానేసే వారిని మా బ్రాడీపేటలోనే చాలామందిని చూశాను. అదీ ప్రమాదమే. అయితే కండరాల నొప్పితోపాటు మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

మందుల చీటీలో 'ఇతర విటమిన్లు, మూలికలు' అని ఒక గడి అచ్చువేయించమని వైద్యులను, బలం బిళ్లలు అడిగినవారిని "కొలెస్ట్రాల్ మాత్ర వాడుతున్నారా?" అని ఒక్క ప్రశ్న వేయమని మందుల షాపులవారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు