చెవి వెనక మచ్చ చూపించావా?

చిన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ ఆవకాయ కలిపింది, నీ వాటా వేరే జాడీలో పెట్టింది. నువ్వు ఫోన్ చేసి 16 రోజులైంది, సైట్లో పని ఎక్కువేమో. మొన్న పిన్ని వీడియో కాల్లో చూసిందట. నీ మెడంతా కమిలిపోయిందని, చెవి వెనక పుట్టుమచ్చ పెద్దదైందని చెప్పింది. ఆవిడ గోరంతలు కొండంతలు చేస్తుంది, తెలుసు. అయినా మనసు ఊరుకోలేదు.

నా కుడిచెంప సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. 22 ఏళ్లు భీమిలి బస్సు తోలానా, పొద్దున్న వెళ్లేటప్పుడు సముద్రం కుడివైపు, ఎండా అటే. సాయంత్రం వచ్చేటప్పుడు సూర్యుడు కొండలవైపు వాలినా మళ్లీ కుడివైపే. సముద్రపు గాలికి వేడి తెలిసేది కాదు. ఎండ మరీ ఎక్కువైతే అద్దం మూసుకుని, ఇక చాలనుకునేవాణ్ణి. రిటైరయ్యే ముందు కంటికింద మచ్చ చూపించడానికి వెళ్తే, డాక్టరమ్మ రెండు చెంపలూ మార్చి మార్చి చూసి, ‘మీరు డ్రైవరా?’ అంది. నేనేం చెప్పకుండానే! కుడిచెంప ముడతలు పడి నల్లబడింది, ఎడమది అలా లేదు. ఎండలో కంటికి కనపడని యూవీ కిరణాలుంటాయట. వాటిలో ఒంటిని కమిలించే యూవీ-బీ రకాన్ని అద్దం చాలావరకు ఆపుతుందట. యూవీ-ఏ మాత్రం మామూలు అద్దంలోంచి వచ్చేసి, చర్మం లోపలిదాకా దిగి బిగువు పోగొడుతుందట. పల్చటి మబ్బుకీ చల్లగాలికీ ఆగదట.

మనది చామనఛాయ, ఏమీ కాదులే అనుకోకు. ఆ రంగు కొంతవరకే కాస్తుంది. హెల్మెట్ నెత్తిని కాపాడుతుంది గానీ మెడనీ చెవుల్నీ కాదు. 10 నుంచి 4 దాకా వీలైనంత నీడపట్టున ఉండు, పొడుగు చేతుల చొక్కా వేసుకో. సన్‌స్క్రీన్ కొను, ఎండని ఎంత ఆపుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె 30కి తగ్గకుండా చూడు. ఆడవాళ్ల క్రీమని మొహమాటపడకు. చెవులకీ మెడకీ దండిగా రాసుకో, రెండు గంటలకోసారి మళ్లీ రాసుకో. చెమట పడితే ఇంకా ముందే.

ఆ మచ్చ నీ చిన్నప్పుడు మినపగింజంత ఉండేది. నా ఒళ్లో పడుకున్నప్పుడు రోజూ చూసేవాణ్ణి. అంచులు వంకరపోయినా, రంగు రెండు మూడు రకాలుగా కనపడినా, 6 మిల్లీమీటర్లు దాటినా, దురద పెట్టినా, రక్తం వచ్చినా ఆలస్యం చెయ్యకుండా చర్మం డాక్టరుకి చూపించాలి. అసలు పెరిగిందంటేనే చూపించాలి. నీకు నువ్వు చూసుకోలేవు, రూమ్మేటుతో ఫొటో తీయించు. పక్కన స్కేలు పెట్టమను.

అమ్మ మెడమీదకి గుడ్డ వేలాడే టోపీ కుట్టిస్తోంది. ఆవకాయతోపాటు పంపిస్తాను. ఫొటో మాత్రం ఈ ఉత్తరం చదివిన రాత్రే పంపు.

మీ నాన్న