జీతం లేని డెవలపర్లు కావలెను!

అయ్యా,

గేమింగ్ సర్వర్లలో (ఆటగాళ్ల ఆన్‌లైన్ చాట్ గ్రూపుల్లో) పనులు వాటంతటవే చేసిపెట్టే ప్రోగ్రాములు, అంటే బాట్లు చూసుకోవడానికి వాలంటీర్లు దొరకడం లేదని మీ యువ పేజీలో వార్త వచ్చి వారం దాటింది. కోపం తగ్గలేదు కాబట్టి ఇప్పుడైనా రాస్తున్నాను. ఈ తరం కుర్రాళ్లలో సేవాభావం లేదట! ఇంతకుముందు చేసినవాడు ఎందుకు మానేశాడో మీ విలేకరి ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేది.

డిస్కార్డ్ అనే చాట్ యాప్ ద్వారా బీజీఎంఐ (పబ్‌జీ తరహా మొబైల్ ఆట) స్క్రిమ్స్, అంటే ప్రాక్టీస్ మ్యాచ్‌లు ఆడేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. స్క్వాడ్ మ్యాచ్ అంటే 100 మంది, నలుగురి టీముకొకటి చొప్పున 25 స్లాట్లు. రిజిస్ట్రేషన్ తెరిచీ తెరవగానే టీములు ఎగబడతాయి. వాటిని వరుసలో పెట్టేది, స్లాట్ లిస్ట్ వేసేది, మ్యాచ్‌లోకి వెళ్లే ఐడీ పాస్‌వర్డ్ సరైనవాళ్లకే చేరేలా చూసేది, ‘ఫ్రీ నైట్రో’ (డిస్కార్డ్ పెయిడ్ సభ్యత్వం ఉచితం) అంటూ వచ్చే దొంగ లింకుల్ని ఏరిపారేసేది అంతా బాటే. అది కాసేపు మొరాయిస్తే చాలు, రాసినవాడికి ట్యాగుల మీద ట్యాగులు, పైగా తిట్లు. వాడికి సెమిస్టర్ పరీక్షలా, నైట్ షిఫ్టా ఎవడికీ అక్కర్లేదు. బాగా నడిచినన్నాళ్లూ కల్యాణ మండపంలో వంటవాడి గతే. పోస్టర్ మీద స్పాన్సర్ ఉంటాడు, క్యాస్టర్ (కామెంటేటర్) ఉంటాడు, అడ్మిన్ గారి బావమరిది కూడా ఉంటాడు. బాట్ రాసినవాడి పేరు మాత్రం ఉండదు.

ఒకసారి రాసి పడేస్తే నడుస్తుందనుకుంటారు. 2022 సెప్టెంబరు 1 నుంచి, వందకు పైగా సర్వర్లలో ఉన్న బాట్లు మెసేజీలు చదవాలంటే డిస్కార్డ్ అనుమతి తప్పనిసరైంది. అది దొరకనివాళ్లు పాత కమాండ్లన్నీ స్లాష్ (/) గుర్తుతో మొదలయ్యే కమాండ్లుగా తిరగరాయాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబరులో ఇలాంటి ప్రోగ్రాములను ఇంటర్నెట్‌లో నడిపిపెట్టే హెరోకు సంస్థ ఉచిత హోస్టింగ్ ఎత్తేసింది. అప్పట్నుంచి బాట్ నడిచే కంప్యూటర్ (దాన్నీ సర్వర్ అనే అంటారు) అద్దె కూడా చాలాచోట్ల ఆ కుర్రాడి జేబులోంచే. బాట్లు రాయడానికి వాడే డిస్కార్డ్.పై అనే కోడ్ లైబ్రరీని ఏళ్ల తరబడి మోసిన మనిషే 2021 ఆగస్టులో ఇక నావల్ల కాదని ఆపేసి, మళ్లీ మరుసటి మార్చికి గానీ తిరిగి రాలేదు.

ఎవరో ఒకరు దొరికితే చాలనుకోవడం ఇంకా ప్రమాదం. ఫైళ్లను కుదించే ఎక్స్‌జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 2024లో బయటపడిన సంగతి చూడండి. అలసిపోయిన ఒంటరి నిర్వాహకుడికి సాయం చేస్తానని వచ్చినవాడే నమ్మకం సంపాదించి దొడ్డిదారి తెరిచాడు. మనవాళ్లయితే నిన్న చేరినవాడికి అడ్మిన్ పర్మిషన్ ఉన్న బాట్ టోకెన్‌ను (బాట్‌ను నడిపే రహస్య తాళాన్ని) వాట్సాప్‌లో పంపించేస్తారు.

ఇక పెద్దల సంగతి. తెలంగాణలో 2016లోనే గేమింగ్, యానిమేషన్ల కోసం ‘ఇమేజ్’ విధానం ప్రకటించారు. 2025లో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌కు చట్టంలో చోటిచ్చింది. సంతోషం, రిబ్బన్లు కత్తిరించారు, సెల్ఫీలు దిగారు. ఇంజినీరింగ్ కాలేజీల్లో మాత్రం అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టుకు బైండింగ్ చేయించి తెస్తే మార్కులు పడుతూనే ఉన్నాయి. వేలమంది రోజూ వాడే బాట్‌లో బగ్ సరిచేసిన పిల్లాడికి ‘అది సిలబస్‌లో లేదు’ అంటారు. నిజంగా నడిచే కోడ్ ప్రాజెక్టు కాదట, స్పైరల్ బైండింగే ప్రాజెక్టట!

అడ్మిన్లకు నా మనవి ఒకటే. కోడ్ ఒకడి ల్యాప్‌టాప్‌లో కాకుండా గిట్‌లో (పదిమందికీ అందేలా కోడ్‌ను, దాని మార్పులను దాచే వ్యవస్థలో) పెట్టండి. టోకెన్ ఒక్కడి దగ్గరే ఉంచకుండా నమ్మకస్తులు ఇద్దరికి అప్పగించండి. సర్వర్ అద్దె స్పాన్సర్ డబ్బుల్లోంచి ముందే తీయండి. ఆ తర్వాత వాలంటీర్లు కావాలని ప్రకటన వేయండి. వారానికి ఎన్ని గంటల పనో, రాత్రి రెండింటికి బాట్ ఆగితే ఎవరు లేవాలో కూడా అందులో రాయండి.

ఇట్లు,
ఒక మాజీ మోడరేటర్,
కూకట్‌పల్లి, హైదరాబాద్