రెండోసారి గెలుపును ఏ ఖాతాలో వేస్తారు?

సంపాదకులకు నమస్కారం.

ఇండిపెండెంట్లు ఓట్లు చీల్చడానికే తప్ప గెలవడానికి పనికిరారని మొన్న మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. లెక్కల మాస్టారుగా ఉన్నన్నాళ్లూ కౌంటింగ్ డ్యూటీలు చేసినవాణ్ని. బ్యాలెట్‌లో అట్టడుగున కుట్టుమిషన్, ప్రెషర్ కుక్కర్ గుర్తులతో నిలబడ్డవాళ్ల డిపాజిట్లు గల్లంతవడం కళ్లారా చూశాను. మన ఊళ్ల సంగతి వరకూ నాకు పేచీ లేదు. కానీ వ్యాసకర్త అమెరికా దాకా వెళ్లి, నేనిప్పుడు మా అమ్మాయి దగ్గర ఉంటున్న మెయిన్ రాష్ట్రాన్ని మాత్రం వదిలేశారు.

ఇక్కడ గవర్నరంటే రాజ్‌భవన్ పెద్దమనిషి కాదు, మన ముఖ్యమంత్రి లాంటివాడు. 1994లో యాంగస్ కింగ్ అనే ఇండిపెండెంట్ 35 శాతం ఓట్లతో గవర్నరయ్యాడు. మాజీ గవర్నర్ జోసెఫ్ బ్రెనన్ రెండు శాతం లోపు తేడాతో వెనకబడ్డాడు. రిపబ్లికన్ సుసాన్ కాలిన్స్‌ది మూడో స్థానం. నూటికి దాదాపు అరవై అయిదు ఓట్లు ఇతరులకే పడ్డాయి. ఓట్లు చీలి గట్టెక్కాడంటే కాదనను.

1998 మాటేమిటి? అప్పటికి నాలుగేళ్లుగా, చట్టసభలో తనదంటూ పార్టీ లేకుండా పాలించాడు. ఆ జనవరిలో మంచు తుఫానుకు రాష్ట్రంలో దాదాపు సగం మందికి కరెంటు పోయింది. పక్కింటి పెద్దావిడ ఆ రోజులు ఇప్పటికీ చెబుతుంది. నవంబరులో అయిదుగురు పోటీపడితే కింగ్‌కు 58 శాతం దాటింది. రిపబ్లికన్‌కు 19, డెమోక్రాట్‌కు 12. ఇద్దరినీ కలిపినా అందుకోలేరు! తమాషా ఏమిటంటే ఆ రిపబ్లికన్ జేమ్స్ లాంగ్లీ జూనియర్ తండ్రి 1974లో ఇదే పదవిని ఇండిపెండెంట్‌గా గెలిచాడు. పార్టీ టికెట్ తెచ్చుకున్న కొడుకు మరో ఇండిపెండెంట్ చేతిలో ఓడాడు.

అందరికీ ఇలా కలిసిరాదు, నిజమే. అలాస్కాలో ఇండిపెండెంట్ గవర్నర్ బిల్ వాకర్ 2018లో ముక్కోణపు పోటీలో నెగ్గలేనని తెలిసి, పోలింగ్ ఇంకా 18 రోజులుందనగా తప్పుకున్నాడు. అప్పటికే బ్యాలెట్లు అచ్చయ్యాయి కాబట్టి రెండు శాతం ఓట్లు పడ్డాయి. మీ వ్యాసంలో ఇదీ లేదు.

వ్యాసం రెండో భాగం వస్తుందని వేశారు గనుక, అందులో ఈ రెండు లెక్కలూ పక్కపక్కనే వేయమని మనవి.

— ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, తెనాలి
(ప్రస్తుతం: పోర్ట్‌ల్యాండ్, మెయిన్)