ప్రశ్నార్థకాలుగా మారుతున్న తెలుగు పేర్లు

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ దరఖాస్తులో పేరు తెలుగులో నింపితే, చేతికొచ్చే ధ్రువపత్రంలో ఒక్కోసారి వరుసగా ప్రశ్నార్థకాలుంటాయి. ఒక్కోసారి నెత్తిన గీత ఉన్న రోమన్ 'ఏ', దాని పక్కన డిగ్రీ గుర్తు కనిపిస్తాయి. అడిగితే 'ఫాంట్ సమస్య' అంటారు. కాదు. ఫాంట్ లేకపోతే కనిపించేవి ఖాళీ డబ్బాలు.

అక్షరాలను కంప్యూటర్‌లో బైట్లుగా (సంఖ్యల ముక్కలుగా) దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ప్రతి తెలుగు గుర్తుకూ 3 బైట్లు పడతాయి. హెక్స్ (పదహారు అంకెల) లెక్కలో మొదటిది ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 లేదా బీ1. వాటిని పాత విండోస్ రోమన్ పట్టికతో చదివితే వచ్చేవే ఆ గీతల 'ఏ'లు. అలా కనిపించే పేరును చాలావరకు బాగుచేయొచ్చు. ప్రశ్నార్థకాల సంగతి వేరు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో పేరు దాచే కాలమ్ లాటిన్-1 (పశ్చిమ యూరప్ అక్షరాల పట్టిక) అయితే అందులో తెలుగుకు చోటే లేదు. తప్పు డేటాను తిరస్కరించే స్ట్రిక్ట్ మోడ్ ఆపేసి ఉంటే ఒక్కో గుర్తుకు బదులు ఒక్కో ప్రశ్నార్థకం రాసి ఊరుకుంటుంది. దాచిన బైట్లను చూపే హెక్స్ ఫంక్షన్‌తో చూస్తే తేలిపోతుంది. ఈ0బీ0 కనిపిస్తే పేరు ఉన్నట్టే. అన్నీ 3ఎఫ్‌లే (ప్రశ్నార్థకం కోడ్) అయితే పోయినట్టే, దరఖాస్తుదారును మళ్లీ అడగాల్సిందే.

అసలు నష్టం తొందరపాటు మరమ్మతుతో జరుగుతోంది. యూటీఎఫ్-8 బైట్లు యథాతథంగా చేరిపోయిన లాటిన్-1 కాలమ్‌ను నేరుగా యూటీఎఫ్8ఎంబీ4కి (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు) కన్వర్ట్ చేస్తే ఆ చెత్త అక్షరాలే అసలు డేటాగా నమోదవుతాయి. ముందు బ్యాకప్ తీసుకోవాలి. కాలమ్‌ను బ్లాబ్‌గా (ఏ పట్టికా వర్తించని ముడి బైట్లుగా) మార్చి, ఆ తర్వాతే యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్‌గా మార్చాలి. అప్లికేషన్ డేటాబేస్‌తో మాట్లాడే కనెక్షన్‌లోనూ యూటీఎఫ్8ఎంబీ4నే పెట్టాలి. ఇది మరిచిపోతే కొత్త దరఖాస్తులు మళ్లీ పాడవుతాయి.

డేటాబేస్ సరిగ్గా ఉన్నా ఫారమ్ దగ్గర పేర్లు తెగుతున్నాయి. 'శ్రీనివాసరావు' కంటికి 6 అక్షరాలు, యూనికోడ్‌లో (ప్రపంచ లిపుల ఉమ్మడి పట్టిక) 13 గుర్తులు, 39 బైట్లు. పరిమితి 30 బైట్లయితే మిగిలేది 'శ్రీనివాసర'. 'అక్షరాలు మాత్రమే' అనే తనిఖీ మరీ అన్యాయం. యూనికోడ్ లెక్కలో మన గుణింతాలు, పొల్లు అక్షరాల వర్గంలో లేవు, మార్కుల వర్గంలో ఉన్నాయి. వాటిని వడకట్టేస్తే 'రాము' కాస్తా 'రమ' అవుతాడు. తనిఖీలో మార్కుల వర్గాన్నీ అనుమతించాలి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ట, వ కలిసిపోకుండా ఆపే కనపడని గుర్తునూ (యూ+200సీ) తీసేయకూడదు.

ఏ పోర్టల్‌నైనా ప్రజలకు తెరిచే ముందు 'శ్రీనివాసరావు', 'రాము', 'సాఫ్ట్‌వేర్' అనే ఈ మూడు మాటలనూ ఫారమ్‌లో నింపి, ధ్రువపత్రం ముద్రించి, అక్షరం అక్షరం సరిచూడాలని అధికారులను కోరుతున్నాం.

ఇట్లు,
డేటాబేస్ నిర్వాహకులు, విజయవాడ