కోలాటానికి బడిలో పీరియడ్ ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మన ప్రాథమిక పాఠశాలల్లో డ్యాన్సు గుర్తొచ్చేది వార్షికోత్సవం దగ్గర పడ్డాకే. సెల్‌ఫోన్‌లో సినిమా పాట పెట్టి, బాగా చేసే నలుగురైదుగురు పిల్లల్ని ఏరి, అద్దె డ్రస్సులు వేయించి స్టేజీ ఎక్కిస్తారు, మిగతా పిల్లలంతా కింద కూర్చుని చూడాల్సిందే. ఇది కళా విద్య ఎలా అవుతుందండీ? టైమ్‌టేబుల్లో ఆ పీరియడ్ ఉన్నా, లెక్కల సిలబస్ మిగిలిందంటే ముందు ఎగిరిపోయేది అదే.

నేర్పేవాళ్లు లేరా అంటే ఉన్నారు. చాలా ఊళ్లలో రామాలయం దగ్గర కోలాటం, చెక్కభజన నేర్పే గురువులు ఇప్పటికీ ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు తప్పెటగుళ్లు, అరకులో థింసా లాంటి జానపద, గిరిజన నృత్యాలు ఉన్నాయి. ఆదిలాబాద్ గోండు గూడేల గుస్సాడీ నృత్యానికైతే 2021లో ఆ కళాకారుడు కనకరాజు గారి ద్వారా పద్మశ్రీ కూడా వచ్చింది (గుస్సాడీ దీక్షతో ముడిపడింది కాబట్టి బడిలో ఏం నేర్పాలో, ఏం నేర్పకూడదో గూడెం పెద్దలే చెప్పాలి).

జడకోలాటం ఒక్కసారి దగ్గర్నుంచి చూడండి. పైన కట్టిన తాళ్ల కొసలు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కోల వేస్తూ, ఒకరు లోపలి నుంచి ఒకరు బయటి నుంచి దాటుకుంటూ తిరుగుతుంటే పైన జడ అల్లుకుంటూ వస్తుంది, అవే అడుగులు వెనక్కి వేస్తే విడిపోతుంది. ఒక్కరు తప్పు వైపు దాటినా ముడి పడి ఆట ఆగిపోతుంది, అది ఎక్కడ పడిందో పిల్లలే వెతుక్కుని విప్పుకోవాలి. వరుస క్రమం, కుడి ఎడమలు, పక్కవాడిని గమనించడం, అన్నీ అందులోనే వచ్చేస్తాయి. చదువులో వెనకబడ్డాడని అనిపించుకున్న పిల్లాడు అక్కడ ముందుండి నడిపించొచ్చు. తన తాతే గురువుగా బడికొస్తే ఏ పిల్లకైనా ఎంత గర్వంగా ఉంటుందో!

స్థానిక కళాకారులతో బడిలో నేర్పించాలని 2020 జాతీయ విద్యా విధానంలోనే ఉంది. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. వారానికి రెండు పీరియడ్లు, అవి వేరే సబ్జెక్టుకి మళ్లించకూడదు. ఆడపిల్లలు, మగపిల్లలు అందరూ ఆడాలి, ఐదో తరగతి దాకా పోటీలు, బహుమతులు వద్దు. గురువుకి శాలువా కప్పి పంపేయకుండా నెలనెలా గౌరవ వేతనం ఇవ్వాలి, ఎందుకంటే వాళ్లలో చాలామంది కూలి మానుకుని రావాల్సినవాళ్లే. జూన్‌లో బడులు తెరిచేలోపే ఉత్తర్వులిస్తే, మండలాల వారీగా గురువుల జాబితా వేసవిలోనే తయారు చేసుకోవచ్చు.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు